కడుపు కదలదు, కబురు అందదు

గ్యాస్ట్రోపెరెసిస్‌కు కొత్త చికిత్సలు చాలావరకు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. వాటిలో చేరే అవకాశం జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి తెలుగువారికీ ఉంది. కాకపోతే ఆ దారి మందు దగ్గర కాదు, ఒక పరీక్ష దగ్గర మొదలవుతుంది.

రాత్రి ఎనిమిదింటికి తిన్న అన్నం తెల్లవారి వాంతిలో మెతుకులు మెతుకులుగానే బయటపడుతుంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది. రోజంతా వికారం, ఉబ్బరం. షుగర్ ఉన్నవారికి ఇంకో తిప్పలు. ఇన్సులిన్ పని మొదలుపెడుతుంది గానీ తిన్నది కడుపు దాటదు. ఉన్నట్టుండి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు దీన్ని గ్యాస్ అంటారు. మెడికల్ షాపులో అరగడం లేదని చెబితే ఓ స్ట్రిప్పు చేతిలో పెడతారు. వైద్యులు పెట్టిన పేరు గ్యాస్ట్రోపెరెసిస్. దారిలో పుండో గడ్డో అడ్డం లేకపోయినా, ఆహారాన్ని పేగులోకి నెట్టాల్సిన కడుపు ఆ పని సరిగ్గా చేయకపోవడమే ఈ జబ్బు.

ఏళ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహం కడుపును నడిపించే వేగస్ నరాన్ని దెబ్బతీయడం దీనికో ముఖ్య కారణం. కడుపు ఆపరేషన్లలో ఆ నరానికి గాయమైనా, వైరల్ జ్వరం వచ్చి తగ్గాక కూడా ఇది మొదలుకావచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో జరిగిన అధ్యయనంలో లక్ష జనాభాకు 24 మందిలో ఈ జబ్బు పరీక్షలో రుజువైంది. మగవారితో పోలిస్తే ఆడవారిలో నాలుగు రెట్లు ఎక్కువ. ఇక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. వారిలో కొద్దిమందికి కడుపు మొరాయించినా ఆ సంఖ్య చిన్నదేమీ కాదు.

గోల్‌మురి టిన్‌ప్లేట్ కార్ఖానాతో పాటు పెరిగిన ప్రాంతం. 1920లో పుట్టిన ఆ కంపెనీ 2024 జనవరిలో టాటా స్టీల్‌లో కలిసిపోయింది. కొలువుల కోసం ఈ ఉక్కు పట్టణానికి చేరిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు గుర్తులు. ఊళ్లో 1908 నాటి టాటా మెయిన్ హాస్పిటల్ ఉన్నా, మొండి జబ్బు అనగానే టాటానగర్ స్టేషన్‌లో వేలూరు వైపు రైలెక్కేవారికి కొదవలేదు. గ్యాస్ట్రోపెరెసిస్ అలాంటి మొండి జబ్బే. అయితే ఏ ఊరు వెళ్లినా చేతికొచ్చే మందుల చీటీ మాత్రం పెద్దగా మారదు. కారణం, ఈ జబ్బుకు మందులే తక్కువ.

నమోదు కాని ప్రయోగం

మధుమేహం వల్ల వచ్చే గ్యాస్ట్రోపెరెసిస్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1979లో మెటోక్లోప్రమైడ్‌కు అనుమతినిచ్చింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఈ జబ్బుకు మరో కొత్త మందేదీ ఆ గడప దాటలేదు. 2020లో వచ్చిన ముక్కు స్ప్రే కూడా అదే మందు, సీసా మాత్రమే వేరు. ఆ ఒక్క మందుకూ 2009లో ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక తగిలించింది. ఎక్కువ కాలం వాడితే మూతి, నాలుక, చేతులు వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, మందు మానేసినా అది పోకపోవచ్చు. అందుకే 12 వారాలు దాటనివ్వొద్దని సూచించింది. ఒకప్పుడు బాగా నడిచిన సిసాప్రైడ్ గుండె లయను దెబ్బతీస్తుండడంతో 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. భారత్ దాన్ని 2011 ఫిబ్రవరిలో నిషేధించింది.

డాంపెరిడాన్ కథ మరీ విడ్డూరం. అమెరికాలో దీనికి మార్కెట్ అనుమతి లేదు. కావాల్సిన పేషంట్ తరఫున వైద్యుడు 'ప్రయోగాత్మక మందు' కింద ఎఫ్‌డీఏకు దరఖాస్తు పెట్టి, ఈసీజీ తీయించి, అంగీకార పత్రంపై సంతకం చేయించుకుని మరీ ఇవ్వాలి. యూరప్‌లో 2014లో రోజుకు 30 మిల్లీగ్రాములు మించొద్దని, వీలైనంత తక్కువ రోజులే వాడాలని ఆంక్షలు పెట్టారు. ఇక్కడ అదే మందు ఎసిడిటీ మాత్రలో సగభాగమై, పరగడుపున వేసుకునే నిత్య ప్రసాదంగా మారిపోయింది. లెవోసల్పిరైడ్‌దీ దాదాపు అదే తీరు. ఎసిడిటీ మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా దొరుకుతుంది. నెలల తరబడి మింగితే కొందరిలో చేతులు వణకడం, నడక మందగించడం, ఆడవారిలో నెలసరి తప్పడం లాంటివి కనిపిస్తాయి. వాటిని వయసు మీద పడడమని సరిపెట్టుకునేవారూ లేకపోలేదు.

ఒక రకంగా చూస్తే వైద్యుడి కంట పడకుండా ఏళ్ల తరబడి ఈ మాత్రలు మింగుతున్నవారు ఇప్పటికే ప్రయోగంలో ఉన్నట్టు లెక్క. కాకపోతే ఆ ప్రయోగానికి నమోదు లేదు, ఈసీజీ లేదు, లెక్కరాసే నాథుడు లేడు, ఏదైనా జరిగితే పరిహారమూ లేదు. క్లినికల్ ట్రయల్ అనగానే భయపడేవారు గమనించాల్సిన తేడా ఇదే.

ఆశలూ అపజయాలూ

అలాగని ట్రయల్‌లో చేరితే జబ్బు నయమవుతుందని అనుకుంటే పొరపాటే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో 2006లో ఏర్పడిన గ్యాస్ట్రోపెరెసిస్ పరిశోధన బృందం నార్‌ట్రిప్టిలిన్‌ను 130 మంది మీద 15 వారాలు పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించింది. మందు పుచ్చుకున్నవారిలో 23 శాతానికి గుణం కనిపించింది. ప్లాసిబో, అంటే మందులేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 21 శాతానికి కనిపించింది. తేడా లేదని తేలిపోయింది. ఈ జబ్బు లక్షణాలు వాటంతటవే హెచ్చుతగ్గులవుతుంటాయి. పక్కన ప్లాసిబో లేకుండా ఏ మందు పనిచేసిందో తేల్చడం కష్టమని ఈ అంకెలే చెబుతున్నాయి.

రెలమోరెలిన్ అనే ఇంజెక్షన్ రెండో దశలో ఆశలు రేపింది. మూడో దశ ప్రయోగాలను కంపెనీ వ్యాపార కారణాలతో మధ్యలోనే ఆపేసింది. ట్రాడిపిటాంట్ అనే మాత్ర మూడో దశ పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయిందని 2022లో తేలింది. గ్యాస్ట్రోపెరెసిస్ కోసం పెట్టిన దరఖాస్తును ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబర్‌లో తిప్పికొట్టింది.

మందుల కంటే ఎండోస్కోపీ కొంత ముందుకు వెళ్లింది. నోటి ద్వారా గొట్టం పంపి కడుపు చివరి ద్వారం దగ్గరి కండరాన్ని లోపలి నుంచే కోసే జీ-పోయెమ్ పద్ధతిని 2013లో తొలిసారి మనిషిపై ప్రయోగించారు. చెక్ రాజధాని ప్రాగ్‌లో 41 మంది మీద దీన్ని పరీక్షించారు. కొందరికి నిజంగా కోత పెట్టారు, మరికొందరికి పెట్టినట్టు నటించారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం అసలు చికిత్స పొందినవారిలో 71 శాతానికి, నటన చికిత్స పొందినవారిలో 22 శాతానికి ఆర్నెల్ల తర్వాత మేలు కనిపించింది. హైదరాబాద్‌లో డాక్టర్ డి.నాగేశ్వర్‌రెడ్డి నెలకొల్పిన ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కూడా ఈ ప్రక్రియ చేసి తమ అనుభవాన్ని వైద్య పత్రికల్లో ప్రచురించారు. అంటే తెలుగు గడ్డ మీదే ఈ రంగంలో పనిచేస్తున్న కేంద్రం ఉందన్నమాట. గోల్‌మురికి అది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే.

ఇడ్లీతో పరీక్ష

ట్రయల్‌లో చేరాలనుకునేవారికి మొదటి గుమ్మం కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచే స్కాన్. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా కలిపిన ఆహారం తినిపించి, గామా కెమెరాతో నాలుగు గంటల పాటు చిత్రాలు తీస్తారు. నాలుగో గంటకు 10 శాతానికి మించి ఆహారం కడుపులోనే ఉంటే ఖాళీ కావడం ఆలస్యమైనట్టు. రెండు గంటల్లో ముగించే స్కాన్లూ ఉన్నాయి గానీ వాటిని చాలా ట్రయల్స్ ఒప్పుకోవు.

ప్రపంచమంతా వాడే ప్రామాణిక ఆహారం గుడ్డు తెల్లసొన, బ్రెడ్డు, జామ్. గుడ్డు ముట్టనివారి సంగతేమిటి? కొచ్చిలోని అమృత వైద్య సంస్థ పరిశోధకులు దానికి ఇడ్లీతో సమాధానం చెప్పారు. ఆరోగ్యవంతులకు ఇడ్లీ తినిపించి, అది ఎంతసేపట్లో కడుపు దాటాలో లెక్కగట్టి 2014లో ప్రచురించారు. అయితే ఏ ఆహారానికి ఆ లెక్కే వర్తిస్తుంది. గుడ్డు కొలతతో ఇడ్లీ ఫలితాన్ని చూస్తే తప్పుడు అర్థం వస్తుంది. ఏ ఆహారంతో చేశారన్నది రిపోర్టులో రాయించుకోవడం అందుకే ముఖ్యం.

ఈ స్కాన్‌కు న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి. అలాంటివి ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటాయి. అందువల్ల ముందే ఫోన్ చేసి నాలుగు గంటల స్కాన్ చేస్తారో లేదో కనుక్కోవడం మంచిది. అంతకంటే ముందు ఎండోస్కోపీ తప్పనిసరి. పుండు మానాక బిగుసుకుపోయిన దారి, క్షయ, క్యాన్సర్ గడ్డ కూడా ఇవే లక్షణాలు చూపుతాయి. వాటిని గ్యాస్ట్రోపెరెసిస్ అని పొరబడితే ట్రయల్ మాట అటుంచి, అసలుకే మోసం.

స్కాన్‌కు ముందు కడుపును కదిలించే మాత్రలను, మందగింపజేసే మాత్రలను వైద్యుడి సలహాతో కొన్ని రోజులు ఆపాలి. నొప్పికి వాడే ట్రమడాల్, బరువు తగ్గడానికీ షుగర్‌కూ వాడే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు కడుపును నెమ్మదింపజేస్తాయి. వాటిని వాడుతూ పరీక్ష చేయించుకుంటే జబ్బు ఎవరిదో, మందు ఎఫెక్ట్ ఏదో తేలదు. స్కాన్ రోజు షుగర్ బాగా పెరిగి ఉన్నా కడుపు మందగిస్తుంది.

జాబితాలో వెతుకులాట

పరీక్ష రుజువు చేతికొచ్చాక వెతుకులాట. 2007 జులైలో ఐసీఎంఆర్ మొదలుపెట్టిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా (సీటీఆర్ఐ) ఎవరైనా ఉచితంగా చూడగలిగే జాబితా. 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరైంది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషంట్‌ను చేర్చుకోక ముందే నమోదు కావాలి. ఆయుర్వేద ప్రయోగాలు కూడా అందులోనే ఉంటాయి. అమెరికా ప్రభుత్వ జాబితా క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో దేశం పేరు పెట్టి వెతికితే భారత్‌లో కేంద్రాలున్న విదేశీ ట్రయల్స్ బయటపడతాయి.

వెతికేటప్పుడు జబ్బు పేరొక్కటే కొడితే సరిపోదు. మధుమేహ గ్యాస్ట్రోపెరెసిస్, గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్, జీ-పోయెమ్ అన్న మాటలతోనూ ఇంగ్లిష్‌లో వెతకాలి. ప్రతి నమోదులో చూడాల్సినవి నాలుగు. పేషంట్లను ఇంకా చేర్చుకుంటున్నారా, కేంద్రాలు ఏ ఊళ్లలో ఉన్నాయి, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు. ప్రజలు సందేహాలు అడగడానికి ఒక పేరు, ఫోన్, ఈమెయిల్ కూడా అందులో ఉంటాయి. ఇంగ్లిష్ రాని పెద్దవారికి కాలేజీకెళ్లే మనవడో మనవరాలో అరగంట కూర్చుని చూసిపెట్టగల పని ఇది. జాబితాలో ఆ రోజుకు ఏమీ దొరక్కపోయినా నెలకోసారి తిరగేయడంలో నష్టం లేదు.

చేర్చుకోనివారి పట్టిక సాధారణంగా చేర్చుకునేవారి పట్టిక కంటే పొడుగ్గా ఉంటుంది. మూడు నెలల సగటు షుగర్ మరీ ఎక్కువగా ఉన్నవారిని, కడుపుకు పెద్ద ఆపరేషన్ అయినవారిని, నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడేవారిని, గర్భిణులను, ఈసీజీలో తేడా ఉన్నవారిని మామూలుగా పక్కనపెడతారు. ఎంపికయ్యే ముందు రెండు వారాల పాటు రోజూ వికారం ఎంత, ఎన్ని వాంతులు, ఎన్ని ముద్దలకు కడుపు నిండింది అని డైరీ రాయించే ట్రయల్స్ కూడా ఉన్నాయి. ఆ డైరీ ఇప్పటి నుంచే రాసుకుంటే ఏ వైద్యుడి దగ్గరికెళ్లినా పనికొస్తుంది.

ఆ తర్వాత దూరం లెక్క. టాటానగర్ నుంచి హౌరా సుమారు 250 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. వేలూరు, హైదరాబాద్ అంటే రోజుకు పైగా ప్రయాణం. మూడు నెలల ట్రయల్‌లో కేంద్రానికి చాలాసార్లు వెళ్లాల్సి రావచ్చు. ఏమీ తింటే ఇమడని మనిషికి రైల్లో అన్ని రోజులు గడపడం చిన్న విషయం కాదు. సెలవు ఇచ్చే యజమాని, తోడు వచ్చే మనిషి, రానుపోను ఖర్చు ఇవన్నీ కుదిరితేనే ముందుకెళ్లాలి. మధ్యలో మానేస్తే పేషంట్‌కూ ఉపయోగం లేదు, పరిశోధనకూ లేదు.

ఖమ్మం నేర్పిన పాఠం

ప్రయోగమంటే తెలుగువారికి జంకు ఉండడంలో వింతేమీ లేదు. అమెరికా స్వచ్ఛంద సంస్థ పాత్, ఐసీఎంఆర్ కలిసి 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేయించాయి. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎండగట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను డబ్బు ఆశచూపి హైదరాబాద్‌కు తీసుకెళ్లి మందులు పరీక్షించిన ఉదంతం మరో మచ్చ.

స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంలో ప్రభుత్వమే అంకెలు బయటపెట్టింది. 2005 నుంచి 2012 జూన్ దాకా 475 కొత్త మందుల ప్రయోగాల్లో 2,644 మంది చనిపోగా, వాటిలో 80 మరణాలకు ఆ ప్రయోగాలే కారణమని ఒప్పుకుంది. ఆ ఒత్తిడితో మొదలైన మార్పులు 2019 మార్చి 19న నోటిఫై అయిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలుగా రూపం తీసుకున్నాయి.

వాటి ప్రకారం ప్రయోగం వల్ల పేషంట్‌కు హాని జరిగితే ఉచితంగా చికిత్స చేయించాలి. మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి ప్రయోగమే కారణమైతే రూ.8 లక్షల ప్రాతిపదికకు వయసు, జబ్బు తీవ్రత జోడించి పరిహారం లెక్కకడతారు. అందుబాటులో ఉన్న మామూలు చికిత్స ఇవ్వకుండా ప్లాసిబోతో సరిపెట్టడం వల్ల హాని జరిగినా పరిహారానికి అర్హత ఉంటుంది. అయితే ఇవి ప్రధానంగా అనుమతి పొందాల్సిన కొత్త మందుల ట్రయల్స్‌కు వర్తించే సూత్రాలు. మార్కెట్లో ఉన్న మందుతో మెడికల్ కాలేజీ సొంతంగా చేసే అధ్యయనానికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దారి చూపుతాయి. చేరబోయేది ఏ రకమో ముందే తెలుసుకోవాలి.

ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆసుపత్రిలో ఇంగ్లిష్ నడిచే గోల్‌మురి లాంటి చోట భాష కూడా రక్షణలో భాగమే. అంగీకార పత్రం పేషంట్‌కు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నిబంధన. చదవలేనివారికి సంబంధం లేని మూడో వ్యక్తి సాక్షిగా ఉండాలి. హిందీ మాట్లాడగలిగినంత మాత్రాన పదిహేను పేజీల హిందీ పత్రం అర్థమవుతుందని కాదు. తెలుగు ప్రతి అడగడం, పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి నలుగురితో చదివించుకోవడం పేషంట్ హక్కు. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

గ్యాస్ట్రోపెరెసిస్‌కు మంచి మందు రాకపోవడానికి ప్రయోగాల్లో చేరడానికి తగిన పేషంట్లు దొరక్కపోవడం కూడా ఒక కారణం. తగిన పేషంట్లు దొరక్కపోవడానికి కారణం, వారిలో చాలామంది తమకున్నది గ్యాసేనని నమ్మడం. ఈ చిక్కుముడి విప్పాలంటే ట్రయల్ దొరికినా దొరక్కపోయినా ముందుగా జరగాల్సింది ఎండోస్కోపీ, నాలుగు గంటల స్కాన్, రోజూ మింగుతున్న మాత్రల మీద వైద్యుడి సమీక్ష. ట్రయల్‌లో చోటు దక్కనివారికి కూడా ఈ మూడింటి వల్ల కలిగే మేలు మిగులుతుంది.

సంతకానికి ముందు అడగాల్సినవి

● ఈ ట్రయల్ సీటీఆర్ఐ నంబర్ ఎంత? ఇది ఎన్నో దశ?

● నాకు ప్లాసిబో వచ్చే అవకాశం ఎంత? అప్పుడు వాంతులు ఎక్కువైతే ఏ మందు ఇస్తారు?

● ఇప్పుడు వాడుతున్న మాత్రల్లో ఏవి, ఎన్ని రోజులు ఆపాలి? ఇన్సులిన్ మోతాదు ఎవరు చూస్తారు?

● ఎన్నిసార్లు రావాలి? ప్రయాణ ఖర్చు, తోడు వచ్చినవారి ఖర్చు ఎవరు భరిస్తారు?

● మా ఊళ్లో ఉండగా రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? స్థానిక ఆసుపత్రి బిల్లు ఎవరిది?

● మందు నాకు పనిచేస్తే ట్రయల్ ముగిశాక కూడా ఇస్తారా?

● ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఈ పత్రంలో ఎక్కడ ఉంది?